రీబిల్ట్ కారుకు రాయితీ ఉంది, సరిహద్దుకు లేదు

అమెరికాలో రీబిల్ట్ టైటిల్ (ప్రమాదంలో దెబ్బతిని బాగైందని ముద్ర పడ్డ యాజమాన్య పత్రం) ఉన్న స్పోర్ట్స్ కారు కొని కెనడాకు తెచ్చుకుంటే బోలెడంత కలిసొస్తుందని చెప్పుకునే మాటలో రెండు వేర్వేరు లెక్కలు కలగలిసి ఉన్నాయి. టైటిల్ మీద పడ్డ ముద్ర వల్ల తగ్గిన ధర ఒకటి. సరిహద్దు దాటించడం వల్ల వచ్చే లాభమో నష్టమో రెండోది. మొదటిదాని లాభాన్ని రెండోదాని ఖాతాలో రాసుకుని సంతోషించేవాళ్లే ఎక్కువ. నేను ఇలాగే హోండా ఎస్2000 అనే స్పోర్ట్స్ కారు ఒకటి తెచ్చుకున్నాను. ఇప్పటికీ నడుపుతున్నాను, అమ్మే ఉద్దేశం లేదు. అయినా నేనుండే కెనడా రాష్ట్రం ఒంటారియోలో నన్ను సలహా అడిగినవాళ్లలో చాలామందికి వద్దనే చెబుతాను. తాను చేసిన పనిని ఇంకొకరిని చేయవద్దనడం ఏం న్యాయమని ఒక మిత్రుడు దెప్పాడు. ఆయనకు ఇచ్చిన జవాబునే కాస్త విడమరిచి ఇక్కడ రాస్తున్నాను.

ముందు ఆ ముద్ర సంగతి. ప్రమాదంలో దెబ్బతిన్న కారును చూసి బీమా కంపెనీ వేసుకునే ప్రశ్న ఇది బాగుపడుతుందా అని కాదు, బాగు చేయించడం తనకు గిట్టుతుందా అని. గిట్టదనుకుంటే యజమానికి కారు విలువ చెల్లించి, దెబ్బతిన్న కారును కోపార్ట్ లాంటి వేలం సంస్థ ద్వారా అమ్మేస్తుంది. ఆ దశలో టైటిల్ మీద ‘సాల్వేజ్’ ముద్ర పడుతుంది. దాన్ని కొన్నవాడు మరమ్మతు చేసి, రాష్ట్ర అధికారుల తనిఖీకి పెట్టి, మళ్లీ రోడ్డెక్కే అర్హత సంపాదిస్తే అది ‘రీబిల్ట్’ అవుతుంది. కాలిఫోర్నియాలో దీన్నే ‘రివైవ్డ్ సాల్వేజ్’ అంటారు. పేరు ఏదైనా, ఒకసారి పడ్డ ముద్ర ఆ కారు ఉన్నన్నాళ్లూ పోదు.

ఇక్కడే మొదటి తిరకాసు. ఆ గిట్టుబాటు గీత అన్ని రాష్ట్రాల్లో ఒకచోట లేదు. న్యూయార్క్‌లో మరమ్మతు ఖర్చు కారు విలువలో 75 శాతం దాటితే చాలు. ఫ్లోరిడాలో 80 శాతం. టెక్సస్‌లో 100 శాతం. కాలిఫోర్నియాలో మరమ్మతు ఖర్చుకు, పాడైన కారును అమ్మితే వచ్చే డబ్బును కలిపి చూస్తారు. అంటే ఒకే దెబ్బ తగిలిన రెండు ఒకే రకం కార్లలో న్యూయార్క్‌ది ముద్రతో మిగిలిపోతుంది, టెక్సస్‌ది కడిగిన ముత్యంలా మార్కెట్లోకి వస్తుంది. విలువలో తొంభై శాతం ఖర్చయ్యే దెబ్బ తిని కూడా ఏ ముద్రా లేని ‘క్లీన్’ టైటిల్‌తో తిరుగుతున్న కార్లు ఉన్నాయి. కాబట్టి ‘రీబిల్ట్ జోలికే పోకూడదు’ అని కళ్లు మూసుకుని చెప్పేవాళ్లు తాము కొన్న క్లీన్ టైటిల్ కారు చరిత్రను అంతే అనుమానంతో చూశారా అన్నది నా ప్రశ్న. ముద్ర చెప్పేది దెబ్బ ఎంత పెద్దదని కాదు, ఆ రోజున, ఆ రాష్ట్రంలో, ఆ కారు విలువతో పోలిస్తే ఖర్చు ఎంతైందని.

ఆ రోజున అన్నమాట స్పోర్ట్స్ కార్ల విషయంలో చాలా ముఖ్యం. మామూలు సెడాన్ ధర ఏటేటా తగ్గుతూ పోతుంది. కొన్ని స్పోర్ట్స్ కార్ల ధర తగ్గుతూ వచ్చి, ఒకచోట ఆగి, మళ్లీ పైకి లేస్తుంది. ఎస్2000 అలాంటిదే. 1999 నుంచి 2009 దాకా తయారైంది. 2010 తరువాతి మొదటి సంవత్సరాల్లో పన్నెండు, పదిహేను వేల అమెరికా డాలర్లకు తిరగడానికి బాగున్న కారు దొరికేది. ఆ రోజుల్లో ముందు మూల గుద్దుకుని, రెండు ఎయిర్‌బ్యాగులు పేలి, బానెట్, హెడ్‌లైటు, రేడియేటర్ పోతే చాలు, కంపెనీ లెక్క ప్రకారం కారు చచ్చినట్టే. ఛాసిస్‌కు ఏమీ కాకపోయినా సరే. ఇప్పుడు తక్కువ తిరిగిన మంచి ఎస్2000లు కొత్తప్పటి ధరను దాటి అమ్ముడవుతున్నాయి. అదే దెబ్బ ఇవాళ తగిలితే కంపెనీ చెక్కు రాసి బాగు చేయిస్తుంది, టైటిల్‌కు మచ్చ పడదు. కారు విలువ పెరిగింది గాని, విలువ లేని రోజున పడ్డ ముద్ర మాత్రం అలాగే ఉంది. నేను కొన్నది ఈ తేడానే. దక్షిణాది రాష్ట్రంలో చాలా ఏళ్ల కిందట ముద్ర పడి, ఆ తరువాత ఏళ్ల తరబడి మామూలుగా తిరిగిన కారు. నిన్న మొన్న వేలంలో కొని, గబగబా రంగు వేసి అమ్మకానికి పెట్టిన కారు కంటే ఇలాంటిది నాకు వంద రెట్లు నయం. చెడు మరమ్మతు ఉంటే అన్నేళ్లలో ఎక్కడో ఒకచోట బయటపడి తీరుతుంది: తలుపు సరిగా పడదు, టైరు ఒకవైపు అరుగుతుంది, వాన నీరు లోపలికి కారుతుంది.

ఇక రెండో తిరకాసు. రీబిల్ట్ అంటే ప్రభుత్వం తనిఖీ చేసి పాస్ చేసింది కదా అని చాలామంది ధీమా. ఏ తనిఖీ? న్యూయార్క్‌లో సాల్వేజ్ కారుకు చేసే పరీక్ష దొంగ సరుకు కోసం. మరమ్మతులో వాడిన భాగాలు ఎక్కడ కొన్నారు, రశీదులు ఏవి, వీఐఎన్‌లు (ప్రతి కారుకూ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యలు) సరిపోలుతున్నాయా అని చూస్తారు. కారు భద్రమని ఆ పరీక్ష చెప్పదు. చాలా రాష్ట్రాల్లో అసలు ఉద్దేశం ఇదే. తరువాత కెనడాలోకి వచ్చాక పదిహేనేళ్ల లోపు కార్లకు ఆర్ఐవీ (దిగుమతి వాహనాల నమోదు వ్యవస్థ) తనిఖీ ఉంటుంది. కెనడా ప్రమాణాల ప్రకారం పగటి లైట్లు వెలుగుతున్నాయా, దొంగ తాళంతో ఇంజను నడవనివ్వని ఇమ్మొబిలైజర్ ఉందా, లేబుళ్లు ఉన్నాయా, రీకాల్ పనులు (లోపాలు బయటపడ్డాక కంపెనీ చేసిచ్చే మరమ్మతులు) పూర్తయ్యాయా అన్నదే అక్కడ ప్రశ్న. దాని తరువాత ఒంటారియో సేఫ్టీ సర్టిఫికెట్: బ్రేకులు, టైర్లు, స్టీరింగ్, తుప్పు, దీపాలు. మూడు తనిఖీలు దాటిందని చెప్పుకోవచ్చు గాని, గుద్దుకున్న ముందు భాగాన్ని కొలత బల్ల మీద పెట్టి, కంపెనీ ఇచ్చిన కొలతలతో సరిచూసినవాళ్లు ఈ మూడింటిలో ఎవరూ లేరు.

మరి ఒంటారియోలోనే ముద్ర పడి, ఒంటారియోలోనే బాగైన కారు సంగతేమిటి? ఇక్కడ 2003 నుంచి వాహనాలకు ముద్రలు తప్పనిసరి. సాల్వేజ్ కారు రీబిల్ట్‌గా మారాలంటే స్ట్రక్చరల్ ఇన్‌స్పెక్షన్ సర్టిఫికెట్ కావాలి. అది కారు కట్టడానికి సంబంధించిన పరీక్ష, దొంగ సరుకుది కాదు. అది నూరు శాతం నమ్మదగినదని నేను అనను. సంతకం పెట్టే చేతిని బట్టి ఏ సర్టిఫికెట్ విలువైనా ఉంటుంది. కానీ ఆ సంతకం పెట్టిన వర్క్‌షాపుకు నేను కారులో వెళ్లి, మరమ్మతుకు ముందు ఫోటోలు అడగగలను. జార్జియాలో ఎక్కడో మూతపడిన గ్యారేజీని అడగలేను.

నా వాదనకు అసలు ఆయువుపట్టు ఇదే. అమెరికా రీబిల్ట్ కారు ధరను అందరూ కెనడాలోని క్లీన్ టైటిల్ కారు ధరతో పోల్చి, ఆ తేడా అంతా సరిహద్దు పుణ్యమే అనుకుంటారు. పోల్చాల్సింది కెనడాలోని రీబిల్ట్ కారు ధరతో. ముద్ర వల్ల దొరికే రాయితీ ఇక్కడా దొరుకుతుంది. దానికోసం సరిహద్దు వంతెన దాటనక్కరలేదు. అప్పుడు సరిహద్దు విడిగా ఏమిచ్చిందో చూడాలి.

ఒకప్పుడు సరిహద్దు నిజంగానే ఇచ్చేది. 2007 చివరి నెలల్లో కెనడా డాలరు అమెరికా డాలరును దాటిపోయింది. ఆ తరువాత 2011 ప్రాంతంలో మళ్లీ సమానంగా నడిచింది. ఇక్కడి డీలర్లు ధరలు తగ్గించకుండా కూర్చున్న ఆ రోజుల్లో వేలాదిమంది సరిహద్దు అవతలి బఫెలో, డెట్రాయిట్ వైపు వెళ్లి కార్లు తెచ్చుకున్నారు. వాళ్లు లాభపడ్డ మాట నిజం. ఆ కథలే ఇప్పటికీ విందుల్లో తిరుగుతున్నాయి. కథ చెప్పేవాళ్లు ఆనాటి మారకం రేటు మాత్రం చెప్పరు.

ఈనాటి లెక్క ఒకటి వేసి చూద్దాం. అమెరికాలో ఒక రీబిల్ట్ స్పోర్ట్స్ కారు 20,000 డాలర్లు అనుకుందాం. అమెరికా డాలరుకు 1.40 చొప్పున 28,000 కెనడా డాలర్లు. కారు జపాన్‌లోనో జర్మనీలోనో తయారైతే 6.1 శాతం సుంకం, అంటే 1,708 డాలర్లు. జపాన్‌తో, ఐరోపాతో కెనడాకు వాణిజ్య ఒప్పందాలున్నాయి కదా అనవచ్చు. ఆ రాయితీ అక్కడి నుంచి నేరుగా వచ్చే సరుకుకు. అమెరికాలో అమ్ముడై, అక్కడి రోడ్ల మీద తిరిగి వచ్చే కారుకు మామూలుగా వర్తించదు. ఏసీ ఉన్నందుకు వంద డాలర్ల ఎక్సైజు పన్ను వేరు. అవును, కారులో ఏసీకి విడిగా పన్ను ఉంది, ఈ కాలంలో కూడా. ఆ పైన సరిహద్దులో 5 శాతం జీఎస్టీ, రిజిస్ట్రేషన్ దగ్గర ఒంటారియో వంతు 8 శాతం. ఈ పదమూడు శాతాన్ని నేను సరిహద్దు ఖర్చులో కలపను, ఎందుకంటే ఇక్కడ కొన్నా అది కట్టాల్సిందే. సుంకం మీద, ఏసీ పన్ను మీద పడే పదమూడు శాతాన్ని మాత్రం కలపాలి. ఆర్ఐవీ రుసుము పన్నుతో కలిపి సుమారు 350. దక్షిణాది నుంచి ట్రక్కు మీద తెప్పిస్తే రవాణా 1,700 అనుకుందాం. అమెరికా వైపు ఎగుమతి పత్రాలు దాఖలు చేసే ఏజెంటుకు 300. మొత్తం దాదాపు 4,400 డాలర్లు. కారు ధరలో ఆరో వంతు. ఇందులో సుంకం ఒక్కటే కారు ధరతో పాటు తగ్గుతుంది. ట్రక్కువాడు, ఆర్ఐవీ, ఏజెంటు టైటిల్ మీద ముద్ర ఉంది కదా అని ఒక్క డాలరు కూడా తగ్గించరు.

కారు ఎక్కడ పుట్టిందన్నది వీఐఎన్ మొదటి అక్షరమే చెబుతుంది. 1, 4, 5 అమెరికా. 2 కెనడా. 3 మెక్సికో. జే జపాన్, డబ్ల్యూ జర్మనీ. ఉత్తర అమెరికాలో తయారైనదైతే 6.1 శాతం సుంకం నుంచి సాధారణంగా తప్పించుకోవచ్చు. కానీ అమెరికాలో తయారైన వాహనాల మీద కెనడా 2025 ఏప్రిల్ 9 నుంచి 25 శాతం సర్‌టాక్స్, అంటే అదనపు సుంకం, పెట్టింది. అమెరికా, కెనడా, మెక్సికోల వాణిజ్య ఒప్పందపు నియమాలకు సరిపోయే వాహనాలకు అది కెనడా, మెక్సికోలది కాని భాగం మీద మాత్రమే పడుతుంది. కెంటకీలో తయారయ్యే కార్వెట్ మీదో, మిషిగన్‌లో తయారయ్యే మస్టాంగ్ మీదో మనసుపడ్డవాళ్లు వేలంలో చెయ్యి ఎత్తకముందే కెనడా సరిహద్దు సేవల సంస్థకు ఫోన్ చేసి, ఆ వీఐఎన్‌కు ఆ రోజున ఏమి పడుతుందో కనుక్కోవాలి. వాణిజ్య పోరులో నియమాలు మన సౌకర్యం చూసుకుని మారవు. ఇంధనం బాగా తాగే కార్లకు గ్రీన్ లెవీ అనే పన్ను ఉంది: వంద కిలోమీటర్లకు 13 లీటర్లు, ఆపైన తాగితే వెయ్యి నుంచి నాలుగు వేల డాలర్ల దాకా. 2018 తరువాత తయారై లక్ష డాలర్లకు మించిన కార్లకు లగ్జరీ పన్ను 2022 సెప్టెంబరు నుంచి ఉంది. లక్షకు మించిన కారు రీబిల్ట్‌లో కొనేవాళ్లకు నా వ్యాసం అవసరం లేదు, మంచి లాయరు అవసరం.

పత్రాల దారి గురించి ఒకటి రెండు మాటలు చాలు, ఎందుకంటే అది కష్టమైన పని కాదు, ఓపిక కావలసిన పని. వాడిన వాహనాన్ని అమెరికా నుంచి బయటికి తీసుకెళ్లాలంటే ఎగుమతి వివరాలు ముందుగా ఎలక్ట్రానిక్ పద్ధతిలో నమోదు కావాలి. అసలు టైటిల్ సహా పత్రాలు దాటబోయే సరిహద్దు దగ్గరి అమెరికా కస్టమ్స్ కార్యాలయానికి 72 గంటల ముందు చేరాలి. టైటిల్ అమ్మినవాడి దగ్గరో బ్యాంకు దగ్గరో ఉండిపోయి, చేతికి నకలు మాత్రమే వస్తే ప్రయాణం అక్కడితో ఆగినట్టే. ఇటువైపు పదిహేనేళ్ల లోపు కారుకు దిగుమతి పత్రమైన ఫారం 1, ఆర్ఐవీ నమోదు, 45 రోజుల్లో తనిఖీ, తయారీ కంపెనీ నుంచి రీకాల్ బాకీ లేదన్న కాగితం. ఆ మోడల్ కెనడా రవాణా శాఖ (ట్రాన్స్‌పోర్ట్ కెనడా) అనుమతి జాబితాలో ఉందో లేదో కొనకముందే చూడాలి. పదిహేనేళ్లు దాటిన కారుకు ఆర్ఐవీ గొడవ లేదు. అమెరికావాళ్లు ఇదే మినహాయింపుకు పాతికేళ్లు ఆగమంటారు. ఈ ఒక్క విషయంలో కెనడా కార్ల ప్రేమికుల మీద దయ చూపింది.

టైటిల్ మీద మాట మాత్రం ఒకటికి రెండుసార్లు చదవాలి. రీబిల్ట్ వేరు, సాల్వేజ్ వేరు. ‘జంక్’, ‘పార్ట్స్ ఓన్లీ’, ‘నాన్ రిపేరబుల్’ అని ఉంటే ఆ కారు కెనడా రోడ్డెక్కదు, విడిభాగాలుగా మాత్రమే పనికొస్తుంది. అమ్మేవాడు ‘రీబిల్ట్ అయిపోతుంది, పత్రం దారిలో ఉంది’ అంటే, ఆ పత్రం వచ్చాకే మన డబ్బు బయలుదేరాలి. ఒక రాష్ట్రంలో ముద్ర పడ్డ కారును ఇంకో రాష్ట్రంలో రిజిస్టరు చేయించి ముద్ర మాయం చేసే పని చాలా ఏళ్లుగా నడుస్తోంది. దాన్ని పట్టుకోవడానికే అమెరికా న్యాయశాఖ ఆధ్వర్యంలో ఎన్ఎంవీటీఐఎస్ అనే జాతీయ టైటిల్ సమాచార వ్యవస్థ ఉంది. బీమా కంపెనీలు, స్క్రాప్ యార్డులు 2009 నుంచి అందులో వివరాలు ఇవ్వాలి. కొద్ది డాలర్లకే ఆ నివేదిక దొరుకుతుంది. ఏనుగును కొని అంకుశం దగ్గర బేరమాడినట్టు, ఇరవై వేల కారు కొంటూ ఈ నివేదికకు, స్వతంత్ర మెకానిక్‌కు వెనుకాడేవాళ్లను చూస్తే నాకు నిజంగా కోపం వస్తుంది.

వరద కారు విషయంలో నాకు మధ్యేమార్గం లేదు. 2017లో హార్వీ తుపాను తరువాత టెక్సస్ నుంచి, 2022లో ఇయన్ తరువాత ఫ్లోరిడా నుంచి నీళ్లలో మునిగిన కార్లు మార్కెట్టులోకి వచ్చాయి. గుద్దుకున్న కారులో చెడ్డది ఎక్కడుందో వెతికితే దొరుకుతుంది. మునిగిన కారులో అది వైర్ల కట్టల లోపల, కనెక్టర్ల పిన్నుల మీద పాకురులా పెరుగుతూ ఉంటుంది. ఉప్పునీరైతే చెప్పనక్కరలేదు. ఎంత తక్కువకు ఇచ్చినా నేను ముట్టుకోను.

గుద్దుకున్న కారులో ఏమి చూడాలన్నది ఒక్కో కారుకూ ఒక్కోలా ఉంటుంది, అందుకే ఆ మోడల్ మీద పనిచేసిన మనిషే చూడాలి. ఎస్2000 వరకు చెబుతాను. హోండా ఈ కారు బానెట్, తలుపులు, డిక్కీ మూత, ఫెండర్ల మీద వీఐఎన్ రాసిన చిన్న చీటీలు అతికించి పంపింది. ఏ చీటీ లేదో చూస్తే ఏ భాగం మారిందో తెలిసిపోతుంది. కంపెనీ విడిభాగం వేస్తే ‘ఆర్’ అక్షరం ఉన్న చీటీ ఉండాలి. బానెట్ అల్యూమినియంది కాబట్టి రంగు మందం కొలిచే పరికరం అల్యూమినియం మీద పనిచేసేది కావాలి. కంపెనీ వేసిన రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు. వందలు దాటి వేలలోకి వెళ్తే అది రంగు కాదు, పుట్టీ. కారును లిఫ్ట్ ఎక్కించి ముందు రెయిళ్లు (ఛాసిస్ దూలాలు) ముడతపడి సాగదీశారేమో చూడాలి. చక్రాల అలైన్‌మెంట్ కాగితం అడగాలి. సర్దుబాటు మరలు చివరిదాకా తిప్పినా ఎడమ, కుడి కోణాలు కలవకపోతే అక్కడేదో వంగి ఉన్నట్టే. అమ్మేవాడు ‘టైర్లు మారిస్తే సరిపోతుంది’ అంటాడు. అన్నీ టైర్లతోనే సరిపోతే బాడీషాపులు ఎందుకు?

ఎయిర్‌బ్యాగు గురించి మాత్రం నవ్వులాట లేదు. పేలిన బ్యాగు స్థానంలో ఏమి పెట్టారన్నది బయటికి కనపడదు. డాష్‌బోర్డులో హెచ్చరిక దీపం వెలగకుండా ఒక రెసిస్టర్ పెట్టి మోసం చేసినవాళ్లు ఉన్నారు. నాసిరకం ఇన్‌ఫ్లేటర్లతో (బ్యాగును ఉబ్బించే భాగాలతో) మార్చిన బ్యాగులు పేలి ముగ్గురు చనిపోయారని, ఇద్దరు తీవ్రంగా గాయపడ్డారని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2024లో హెచ్చరిక జారీ చేసింది. ఆ ఇన్‌ఫ్లేటర్ల నుంచి లోహపు ముక్కలు డ్రైవరు ఛాతీలోకి, మెడలోకి దూసుకొచ్చాయి. రీబిల్ట్ కారులో ఎయిర్‌బ్యాగు రశీదు లేకపోతే, కంపెనీ భాగాలతో కొత్తగా వేయించే ఖర్చును ధరలో కలుపుకోవాలి. సీటు బెల్టు బిగించే ప్రిటెన్షనర్ కూడా ప్రమాదంలో ఒకసారి పేలితే మార్చాల్సిందే. దాన్ని అడిగేవాళ్లే అరుదు.

బీమా, అమ్మకం అన్నవి చివరి రెండు గడపలు. ఒంటారియోలో ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి బీమా తప్పనిసరి, అది దొరుకుతుంది. మన కారుకు జరిగే నష్టానికి ఇచ్చే బీమా దగ్గరే రీబిల్ట్ అనగానే చాలా కంపెనీలు నసుగుతాయి. ఇచ్చినా, ప్రమాదం జరిగిన రోజున విలువ కట్టేటప్పుడు ముద్రను గుర్తుచేస్తాయి. కొనకముందే వీఐఎన్ చెప్పి, ముద్ర సంగతి చెప్పి, జవాబును ఈమెయిల్‌లో తీసుకోవాలి. ఫోనులో ‘పర్వాలేదండీ’ అన్నమాట క్లెయిము రోజున పనికిరాదు. ఇక అమ్మకం. మనవాళ్లకు కారు కొనే రోజే అమ్మే రోజు గుర్తుకొస్తుంది. అలాంటి స్వభావం ఉన్నవాళ్లకు ఈ దారి అసలే పడదు. కొనేటప్పుడు మనం ముద్రకు ధర తగ్గించుకున్నట్టే అమ్మేటప్పుడు ఎదుటివాడూ తగ్గిస్తాడు, అది న్యాయమే. కానీ ఆ పైన అతనికి ఇంకో అనుమానం ఉంటుంది: ఇంత దూరం నుంచి ఎందుకు తెచ్చాడు, అక్కడ కొనేవాళ్లు లేకనా? సరిహద్దుకు కట్టిన 4,400ను ఎవరూ మనకు తిరిగివ్వరు.

సరిహద్దులో ధర తగ్గించి చూపే ఆలోచన గురించి కూడా అడుగుతుంటారు. బిల్ ఆఫ్ సేల్‌లో (అమ్మకపు రశీదులో) ధర సగమే రాయించుకుంటే సుంకం తగ్గుతుంది కదా అని. అది అబద్ధపు ప్రకటన, పట్టుబడితే కారునే జప్తు చేయవచ్చు. నిజానికి రీబిల్ట్ కారుకు అసలు ధరే తక్కువగా ఉంటుంది కాబట్టి, అధికారి నమ్మకపోయే ప్రమాదం నిజం చెప్పినవాడికే ఎక్కువ. ముద్ర కనిపించే టైటిల్, ప్రకటన నకలు, దెబ్బతిన్నప్పటి ఫోటోలు, బ్యాంకు బదిలీ కాగితం దగ్గర పెట్టుకుని వెళ్తే మాట తేలిగ్గా ముగుస్తుంది.

ఇంత చెప్పి, మరి నేనెందుకు తెచ్చుకున్నానంటే, సరిహద్దు నాకు ఇచ్చినది ధర కాదు, ఎంపిక. ప్రపంచమంతటికీ కలిపి ఎస్2000లు లక్షా పదివేల చిల్లర తయారయ్యాయి. అందులో సగానికి పైగా అమెరికాలోనే అమ్ముడయ్యాయి. కెనడాకు వచ్చినవి కొద్ది. వాటిలో రీబిల్ట్‌వి, అందులోనూ ఎవరూ టర్బో పెట్టి పాడు చేయనివి, వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అమెరికాలో అలాంటివి చాలా ఉంటాయి, ఓపికగా వద్దనుకుంటూ పోవచ్చు. పదిహేనేళ్లు దాటింది కాబట్టి ఆర్ఐవీ లేదు. జపాన్‌లో తయారైంది కాబట్టి సర్‌టాక్స్ లేదు. ముద్ర పాతది. అమ్మను కాబట్టి చివరి గడపే లేదు. ఇన్ని కలిసొస్తే తప్ప ఆ వంతెన దాటడంలో అర్థం నాకు కనపడలేదు.

ఈ మధ్య ఒక కుర్రాడు ఫ్లోరిడాలో ఉన్న రీబిల్ట్ డాడ్జ్ ఛాలెంజర్ ప్రకటన పంపి, “అంకుల్, ఇది తెచ్చుకోవచ్చా?” అని అడిగాడు. వీఐఎన్ 2తో మొదలవుతోంది. 2023 డిసెంబరులో ఆగిపోయేదాకా ఈ తరం ఛాలెంజర్లు తయారైంది ఒంటారియోలోని బ్రాంప్టన్‌లోనే. ఆ కుర్రాడు ఉంటున్నదీ బ్రాంప్టనే. తన ఇంటికి దగ్గర్లో పుట్టి, ఫ్లోరిడా వెళ్లి, అక్కడ దెబ్బతిని, బాగై, మళ్లీ అమ్మకానికి వచ్చిన కారు కోసం అతను విమానం టికెట్లు చూస్తున్నాడు. అమెరికా మార్కెట్టు కోసం తయారైంది కాబట్టి బ్రాంప్టన్‌లో పుట్టినా ఆర్ఐవీ తప్పదు. ప్రకటనలో ఏ రకం దెబ్బో రాయలేదు. ఫ్లోరిడా అంటే నాకు ముందు నీళ్లే గుర్తుకొచ్చాయి. ఛాలెంజర్ అరుదైన కారేమీ కాదు. అతని కోసం ఒంటారియోలో అమ్మకానికి ఉన్నవి వెతికితే హామిల్టన్‌లో ఒక రీబిల్ట్ కారు కనపడింది, స్ట్రక్చరల్ సర్టిఫికెట్‌తో, మరమ్మతుకు ముందు ఫోటోలతో. ధర ఫ్లోరిడా కారు కంటే కొంచెం ఎక్కువ, ఆ కారు ఇక్కడికి చేరేసరికి అయ్యే ఖర్చు కంటే తక్కువ. ముందు దాన్ని లిఫ్ట్ ఎక్కించి చూపించుకో, బాగాలేకపోతే అప్పుడు ఫ్లోరిడా సంగతి మాట్లాడుకుందాం అన్నాను. అతనికి హామిల్టన్ కారు రంగు నచ్చలేదట. ఇంకా ఆలోచిస్తున్నాడు.